అరువు ఎండ

నెల్లూరులో కాపురం ఉంటూ ఎండ చాలట్లేదని ఏడ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

మా ఇంటికీ దక్షిణం ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. పొదలకూరు, గూడూరు నుంచి నిమ్మకాయలు లారీలకు లారీలు పోతుంటే, వేసవిలో నేను కాయకింతని లెక్కబెట్టి కొనడమేందని రోషం పుట్టింది. గోడవారగా బాలాజీ రకం నిమ్మ మొక్క నాటాను.

"రోజుకు ఆరేడు గంటలు ఎండ పడాల సార్" అన్నాడు నర్సరీ అబ్బాయి.

"ఎండకేం తక్కువబ్బా, ఇది నెల్లూరు!"

తక్కువే. గోడకవతల పక్కింటి మావయ్య మేడ ఉంది. మధ్యాహ్నప్పూట సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరిగేది ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకానే. మిగిలిన ఎనిమిది నెలలూ దక్షిణంగా, అంటే మావయ్య మేడ చాటున నడిచిపోతాడు. కాబట్టి నా మొక్కకు ఎండ బాగా తగిలేది రోహిణి కార్తెలో. ఎవరికీ అక్కర్లేనప్పుడు వచ్చి కూర్చునే చుట్టం మాదిరి.

గోడకు తెల్లసున్నం కొడితే వెలుతురు మొక్క మీదికి తిరిగి పడుతుందని విన్నాను. మాట నిజమే. కానీ నా పనితనానికి గోడకంటింది తక్కువ, పాదులో ఒలికింది ఎక్కువ. కొన్నాళ్లకు ఆకులు పసుపుపచ్చగా తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. నర్సరీ అబ్బాయికి ఫోటో చూపించాను.

"తాంబూలంలోకి కూడా అంత సున్నం వేసుకోరు సార్! నేలలో ఇనుము, జింకు ఉన్నా ఇక వేరు తీసుకోలేదు."

పైమట్టి ఎత్తిపోయించి, ఇనుముండే అన్నభేది, జింకు సల్ఫేటు ఆకుల మీద పిచికారీ చేస్తే ప్రాణం నిలిచింది. నేను మాత్రం నిలవలేదు. జనవరిలో పాత బీరువా అద్దం ఊడదీసి, మా మేడ మీద పిట్టగోడకు తాడుతో కట్టి, ఎండను సందులోకి మళ్లించాను. ఆకుల మీద బంగారంలా వెలుగు పడింది. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. "ఆ అద్దంలో మీరే ఒకసారి చూసుకోండి" అని లోపలికి పోయింది.

మధ్యాహ్నం గాలికి తాడు వదులై అద్దం కాస్త వెనక్కి ఒరిగింది. అప్పుడు నేను అన్నం తిని కునుకు తీస్తున్నాను. మావయ్య కూడా తీస్తున్నాడు, పైగదిలో, కిటికీ తెరిచి.

"ఒరే అబ్బాయ్!" అని వినబడితే లేచి పరుగెత్తాను. ఆయన కిటికీ ఊచలు పట్టుకొని, ఒక కన్ను మూసుకొని నిలబడున్నాడు. "ఏందిరా ఆ వెలుగు? కళ్లు తెరిచేసరికి దేవుడు ప్రత్యక్షమైనాడనుకొని, అంత పుణ్యం నేనేం చేశానబ్బా అని టెన్షన్ పడి చచ్చా!"

నేను నీళ్లు నములుతుంటే వెనకనుంచి అత్తమ్మ తొంగి చూసింది. "ఆ అద్దమేందో కొంచెం మా మిద్దె మీదికి తిప్పు నాయనా, మా గుమ్మడి వడియాలు మూడ్రోజులుగా ఎండట్లా."

కాదనే మొహం నాకెక్కడిది? ఆ వారమంతా నా ఎండ వడియాలకే పోయింది. నాలుగు వడియాలు పంపిస్తుందేమో అనుకున్నా, అదీ లేదు.

నాలుగో ఏడు పూత వచ్చింది. ముక్కాలు వంతు రాలిపోగా చివరికి రెండు కాయలు నిలిచాయి. నున్నగా, గుండ్రంగా, పొదలకూరు కాయకు ఏమీ తీసిపోవు. రోజూ పొద్దున్నే వాటిని పలకరించి గాని కాఫీ తాగేవాణ్ణి కాదు. ఒకటి పులిహోరకు, ఒకటి మజ్జిగలోకని పంపకాలు కూడా అయిపోయాయి.

ఆదివారం పొద్దున గేటు దగ్గర హారన్ మోగింది. కొత్త కారు, దండ, కుంకుమబొట్లు. మావయ్య దిగి నేరుగా సందులోకి నడిచాడు. నేను నోరు తెరిచేలోపే రెండూ తెంపాడు.

"నీ అద్దం దెబ్బకు ఇంకా కన్ను అదురుతూనే ఉందిలే అబ్బాయ్. ముందు చక్రాలకు ఇవి పెడతా. వెనక చక్రాలకు కొనుక్కుంటాలే!"