12 నిమిషాల ఆలస్యం

మొన్న శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు సంస్థ ఇంటర్వ్యూకు మా చెల్లెలు 12 నిమిషాలు ఆలస్యంగా వెళ్లిందని గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఇచ్ఛాపురంలో తెల్లవారుజామున రైలెక్కింది; ఆ రైలు దారిలో ఆగిపోగా, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో కాబట్టి అక్కడి నుంచి పట్టణానికి ఇంకా 10 కిలోమీటర్లకు పైగా ఆటోలో రావలసి వచ్చింది. దారిలోనే రెండుసార్లు ఫోన్ చేసి చెప్పింది కూడా. వానకు తడవకుండా సర్టిఫికెట్ల కవరును చున్నీలో చుట్టుకుని ఆ గేటు ముందు అరగంట నిలబడింది. వేళకు వచ్చిన అభ్యర్థులను మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఊరికే కూర్చోబెట్టారట. కబురైనా చేయకుండా తీరిగ్గా వచ్చేవారిని పక్కన పెడితే నేను కాదనను. కానీ ముందే తెలియజేసిన మనిషిని ఒక్క ప్రశ్నయినా అడగకుండా అనర్హురాలిగా తేల్చడం అన్యాయం. అందరికంటే చివర పిలిచి మాట్లాడితే వారికి పోయేదేముంది?