శ్రీయుత ‘పది నిమిషాలు’ గారికి

మహారాజశ్రీ పది నిమిషాలు గారి సముఖానికి,

బరంపురం నుంచి ఒక బాధితుడి విన్నపం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. మా కాశీయాత్ర బస్సులో డ్రైవరు పక్క సీటు తమదే కదా! టిఫినుకి పది నిమిషాలు, పంక్చరుకి పది నిమిషాలు, మా చిన్నత్తగారి మాత్రల డబ్బా వెతకడానికి పది నిమిషాలు. వాటి జోలికి పోను.

నా గొడవ మాన్ మందిర్ ఘాట్‌ది. గంగ ఒడ్డున రాజా మాన్‌సింగ్ కట్టించిన మహలు (1590ల్లో మా ఒడిశాని అక్బరు చేతిలో పెట్టినాయనే లెండి, ఆ లెక్క ఇంకోసారి తేల్చుకుంటాం). దాని మేడమీద 18వ శతాబ్దంలో సవాయి జైసింగ్ పెట్టించిన వేధశాల, అంటే గ్రహాల్నీ నక్షత్రాల్నీ కొలిచే చోటు. ఆయన కట్టించిన ఐదింట్లో మథురది ఆనవాలు లేకుండా పోయింది, ఇది మిగిలింది. మా ఒడిశా జ్యోతిశ్శాస్త్రవేత్త, ఖండపడా పఠాణి సామంత వెదురు పుల్లలతో గ్రహాలు కొలిచాడని ఒడియా బడిలో చదివినప్పట్నుంచీ నాకిదో పిచ్చి. అక్కడి పెద్ద నీడగడియారం, సమ్రాట్ యంత్రం మీద నీడ నాలుగు నిమిషాలకో డిగ్రీ జరుగుతుంది. అది కళ్ళారా చూడాలని టూరు మేనేజరుని బతిమాలుకున్నాను. “మధ్యాహ్నమే తీసుకెళ్తాను బాబూ, దారిలో చీరల షాపు, పది నిమిషాలు” అన్నాడు.

అదిగో, అక్కడ దిగారు తమరు.

బరంపురం ఆడవాళ్ళని తీసుకెళ్ళి పట్టుచీరల ముందు కూర్చోబెడతారా ఎవరైనా? జరీ గోటితో గీకి చూశారు. మడత విప్పించి వెలుగులో పట్టి చూశారు. మన బరంపురం పట్టుచీరల ఫోడా కుంభం అంచు ముందు ఇదేపాటి అని పెదవి విరిచారు. ప్రతిదానికీ “ఇంకో పది నిమిషాలు”. చివరికి ఒక్కరూ కొనలేదు!

మేడెక్కేసరికి ఎండ పోయింది. కాశీ అక్షాంశానికి సరిపడా ఏటవాలుగా లేపిన గోడ ఉంది, పక్కన గీతలు చెక్కిన వంపు ఉంది. నీడ లేదు. పోనీ గీతలైనా చూద్దామని వంగానో లేదో, కింద నుంచి ఈల. “పది నిమిషాలైపోయింది!” వాచీ చూసుకున్నాను. అచ్చంగా పది.

ఏమయ్యా, పొద్దుట్నుంచీ బంకలా సాగినవాడివి, ఆ మేడమీదే నీకు నిజాయితీ పుట్టుకొచ్చిందా? మా బరంపురంలో సూర్యుడు గడియారం పన్నెండు కొట్టడానికి సగటున తొమ్మిది నిమిషాల ముందే నడినెత్తికి వచ్చి నిలబడతాడు. ఆయనకి లేని తీరుబడి నీకెక్కణ్ణుంచి వచ్చింది? శుభలేఖ మీద ముహూర్తం నిమిషాలతో సహా అచ్చేయించుకుని, పీటల మీద కూర్చున్నాక నిన్ను పిలిచే మమ్మల్ని అనాలి!

మళ్ళీ వెళ్తాను. ఒక్కణ్ణే వెళ్తాను, మంచి ఎండలో వెళ్తాను. నువ్వు మాత్రం స్టేషను దాకా కూడా రావద్దు.