ఓసారి తీసి పెట్టండి నాన్నా!

పిల్లలు అమెరికాలో ఉన్న విశాఖపట్నం ఇళ్లలో టీవీ స్టాండు మీద, సెట్‌టాప్ బాక్సు పక్కన, ఈమధ్య అరచేతిలో పట్టే నల్ల పెట్టె ఒకటి వెలుస్తోంది. ఒక పక్క ఇంటర్నెట్ తీగ, ఇంకో పక్క పాత ల్యాండ్‌లైన్ ఫోను. పేరు ఏటీఏ, అంటే మామూలు ఫోనును ఇంటర్నెట్ మీద మాట్లాడించే అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్. పంపిన కొడుకు డాలస్‌లో, దాని ముందు కూర్చున్న తండ్రి సీతమ్మధారలో. నంబరు డాలస్‌ది, మోగేది సీతమ్మధారలో. కొడుక్కి లోకల్ కాల్. ఇంతవరకూ బాగానే ఉంది.

మోగనప్పుడు ఏం చేయాలన్న విషయంలో మాత్రం తెలుగుజాతి యావత్తూ ఒక్క మాట మీద ఉంది. "ఓసారి తీసి పెట్టండి నాన్నా." అంటే ప్లగ్గు పీకి మళ్లీ గుచ్చడం. రాజధాని మీద కూడా మనకు ఇంతటి ఏకాభిప్రాయం కుదరలేదు. ఈ వైద్యాన్ని చిన్నచూపు చూడడం మా ఉద్దేశం కాదు. పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. పనిచేసేసరికి రోగమేమిటో ఎవరూ అడగరు. రేపు పొద్దున మళ్లీ తీయాలి, మళ్లీ పెట్టాలి.

జరిగేది ఇది. కరెంటు రాగానే పెట్టె అమెరికాలోని ఫోన్ కంపెనీ సర్వర్‌కు కబురు పంపి రిజిస్టర్ అవుతుంది, అంటే తానెక్కడుందో నమోదు చేసుకుంటుంది. ఆ కబురు వెళ్లేటప్పుడు ఇంటి రౌటర్‌లో ఒక దారి తెరుచుకుంటుంది. అవతలి నుంచి వచ్చే రింగు ఆ దారినే రావాలి. ఏ కదలికా లేకపోతే రౌటర్ దాన్ని మూసేస్తుంది. చాలా రౌటర్లకు ఉన్న ఓపిక అర నిమిషం నుంచి మూడు నిమిషాలు. పెట్టె మాత్రం గంటకోసారి, అంటే 3600 సెకన్లకు రిజిస్టర్ అయ్యేలా ఉంటే, ఆ మధ్య కాలమంతా ఇటునుంచి ఫోను వెళ్తుంది, అటునుంచి రాదు. "నాన్న ఎత్తడం లేదు" అని అక్కడ బెంగ. "వాడు ఫోన్ చేయడం మానేశాడు, ఏటైందో" అని ఇక్కడ బెంగ. పెట్టె సెట్టింగుల్లో కీప్ అలైవ్ (దారి మూసుకుపోకుండా పంపే చిన్న కబురు) ఆన్ చేసి 20 సెకన్లు పెడితే దారి మూసుకుపోదు. రిజిస్టర్ గడువు కూడా 300 సెకన్లకు దించుకోవచ్చు. కానీ ఇలా బాగుచేస్తే రోజూ తీసి పెట్టే పని పోతుంది. రిటైరైన తండ్రికి కొడుకు అప్పజెప్పిన ఏకైక బాధ్యత అదే అయినప్పుడు, ఆలోచించి చేయాలి.

సెట్టింగుల్లోకి వెళ్లాలంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో కొట్టడానికి పెట్టె ఐపీ చిరునామా, అంటే ఇంటి నెట్‌వర్కులో దాని నంబరు, కావాలి. గ్రాండ్‌స్ట్రీమ్ పెట్టె అయితే దానికి తగిలించిన ఫోన్లోనే స్టార్ మూడుసార్లు నొక్కి, తర్వాత 02 నొక్కితే తన చిరునామా తనే చదివి వినిపిస్తుంది. 192.168తో మొదలైతే సంతోషం. 169.254 అనో, అన్నీ సున్నాలనో చదివితే రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదని అర్థం. ముందు తీగ చూసుకోవాలి. ఈలోగా పక్కింటి బీటెక్ కుర్రాడు వచ్చి "అంకుల్, ప్లాన్ మార్చండి, స్పీడు చాలడం లేదు" అంటాడు. వినకండి. మాటను అంకెలుగా మార్చే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కు ఒక్కో వైపు పట్టేది దాదాపు 87 కేబీపీఎస్. 100 ఎంబీపీఎస్ ప్లాన్లో అది వెయ్యో వంతు కూడా కాదు.

రింగు వచ్చి, ఎత్తాక ఒక వైపే వినపడడం రెండో రకం రోగం. రింగు నడిచే దారి వేరు, మాట నడిచే దారి వేరు. మాటను ఎక్కడికి పంపాలో సర్వర్‌కు చెప్పాల్సిన పెట్టె, ఇంటి లోపలి 192.168 చిరునామా చెప్పేస్తుంది. ఆ చిరునామాకు డాలస్ నుంచి ఏ మాటా చేరదు. తండ్రి మాట కొడుక్కి వినపడుతుంది, కొడుకు మాట తండ్రికి వినపడదు. ఇది లోపమని కనిపెట్టడానికి కొన్ని ఇళ్లలో చాలాకాలం పడుతుంది. పెట్టెలో స్టన్ (బయటివాళ్లకు కనిపించే తన చిరునామాను పెట్టెకు తెలిపే ఏర్పాటు) ఆన్ చేయాలి. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనేది ఉంటే ఆఫ్ చేయాలి. సాయం చేస్తానని వచ్చి ఉత్తరాలు విప్పి చిరునామాలు తిరగరాసే పెద్దమనిషి అది. ఫైబర్ వాళ్లు బిగించిన రౌటర్ వెనక మీరు కొనుక్కున్న రౌటర్ ఇంకొకటి ఉంటే, రెండో దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై మాత్రమే పంచేదిగా, మార్చండి. ఒక ఇంట్లో ఇద్దరు పెత్తందార్లు ఎందుకు?

మాట ముక్కలు ముక్కలుగా వస్తే ఇంటర్నెట్ తప్పు. గరగర, బుయ్‌మనే మోత వస్తే ఫోను తీగ తప్పు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం ఫిర్యాదులు సరైన గుమ్మానికి చేరతాయి. ముక్కలైతే, పైగదిలో ఎవరో పెళ్లి వీడియో అప్‌లోడ్ చేస్తున్నారేమో చూడండి. ఆపగానే మాట బాగుపడితే రౌటర్‌లో క్యూఓఎస్ పెట్టి ఏటీఏకి మొదటి వరస ఇవ్వండి. గరగర అయితే ఫోను తీగ చివరి క్లిప్పు తీసి వెలుగులో చూడండి. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్లలో సముద్రపు గాలికి ఆ సన్నటి లోహపు పళ్లు చిలుము పట్టి ఉంటాయి. కొత్త తీగ వేస్తే చాలు. దానికి కూడా అమెరికాకు ఫోన్ చేయనక్కర్లేదు.

డాలస్ నంబరుతో మురళీనగర్‌లో ఉన్న వియ్యపురాలికి ఫోన్ చేయడం ఒక ప్రత్యేక వైభవం. పెట్టె దృష్టిలో మీరు టెక్సాస్‌లో ఉన్నారు. కాబట్టి 0891లో సున్నా తీసేసి 011 91 891 కొట్టి, ఆపైన ఏడంకెలు కొట్టాలి. మాట ఇక్కణ్ణించి డాలస్ వెళ్లి తిరిగి మురళీనగర్ రావాలి. తిన్నగా లెక్కేసినా ఒక వైపే 14 వేల కిలోమీటర్ల పైచిలుకు. ఫైబర్‌లో కాంతికి ఒక్కో వైపు సుమారు 70 మిల్లీ సెకన్లు, వెళ్లిరావడానికి 140. మాటకు ఆలస్యం 150 దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు. సముద్రం కింది తీగలు తిన్నగా పోవు కనుక ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఒకేసారి ఆగి, "చెప్పండి, చెప్పండి" అనుకుంటారు. మర్యాద పెరిగిందని సంతోషించాలి.

తీసి పెట్టేవాళ్లకు ఒక్క హెచ్చరిక. తీసినదాన్ని ఎక్కడ పెడుతున్నారో చూడండి. ఏటీఏ ఫోన్ పోర్టులోంచి వచ్చే తీగను గోడకున్న పాత ల్యాండ్‌లైన్ సాకెట్లో పెడితే ఇంట్లో అన్ని గదుల్లోనూ మోగుతుందని ఎవరో చెబుతారు. ఆ సాకెట్లో ఎక్స్ఛేంజి పంపే 48 వోల్టులు ఇంకా ఉంటే, అవతల రింగు కొట్టగానే అంతకంటే ఎక్కువ వచ్చి పోర్టు మాడిపోతుంది. బయటి లైను పూర్తిగా విడదీశాకే ఆ ముచ్చట. అడాప్టరూ అంతే. దాని మీద 100–240 అని ఉంటే సరే. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది ఒక్కసారే పనిచేస్తుంది. 5 వోల్టుల పెట్టెకు 12 వోల్టుల రౌటర్ అడాప్టర్ చాలాసార్లు చక్కగా దూరుతుంది. దూరిందని పెట్టకండి.

ఆ 48 వోల్టుల పుణ్యాన పాత ఫోను కరెంటు పోయినా మోగేది. ఈ పెట్టె మోగదు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చిపోయాక రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరికి ఇది వేరే చెప్పాలా? ఫైబర్ పెట్టె, రౌటర్, ఏటీఏ మూడింటికీ యూపీఎస్ ఉండాలి. ఒక్క రౌటర్‌కే పెట్టి ధీమాగా కూర్చుంటే లాభం లేదు. కరెంటు వచ్చాక ముందు ఫైబర్ పెట్టె, తర్వాత రౌటర్, దాని దీపాలు నిలకడగా వెలిగాక ఏటీఏ ఆన్ చేయాలి.

ఇక అత్యవసరం. అర్ధరాత్రి గుండె పట్టేసినట్టుంటే ఈ ఫోన్లో 911 కొట్టకండి. ఆ నంబరుకు రాసి ఉన్న చిరునామా డాలస్‌ది. అంబులెన్సు అక్కడి ఇంటి ముందు ఆగుతుంది, కోడలు తలుపు తీస్తుంది, అందరూ క్షేమమే. సీతమ్మధారకు బండి రావాలంటే చేతిలోని సెల్‌ఫోన్ తీసి 108 కొట్టాలి.