మందులతో పాటు మనిషి తోడు కూడా కావాలి

నగరాల్లో మానసిక సమస్యలకు డాక్టర్ల కొరతే ప్రధాన అడ్డంకి అని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. కొరత నిజమే, కానీ మా ఇంట్లో జరిగింది వేరు. అన్నయ్యకు డిప్రెషన్ అని డాక్టర్ మాత్రలు రాశారు. వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని ఎవరూ చెప్పలేదు. పది రోజులకే మానేశాడు.

తర్వాత ఒక సోషల్ వర్కర్ ఇంటికి వచ్చారు. జబ్బు మాటే ఎత్తలేదు. బల్ల మీద విప్పకుండా పడి ఉన్న కవర్లు, అద్దె నోటీసు చూసి, "ముందు వీటి సంగతి చూద్దామా?" అన్నారు. అన్నయ్య కుర్చీ దగ్గరకు లాక్కుని ఒక్కో కవరూ విప్పాడు. నెలల తర్వాత వాడు తనంతట తాను చేసిన మొదటి పని అది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

జింబాబ్వే రాజధాని హరారేలో 2006లో మొదలైన ఫ్రెండ్‌షిప్ బెంచ్ అనే మానసిక ఆరోగ్య కార్యక్రమంలోనూ పద్ధతి ఇదే. శిక్షణ పొందిన పెద్ద వయసు ఆడవాళ్లు క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్ల కష్టం వింటారు. అందులో ఒక్క సమస్య ఎంచుకుని దారి వెతుకుతారు. అక్కడ చేసిన అధ్యయనంలో మామూలు వైద్యం కంటే దీనితో మానసిక సమస్యల లక్షణాలు బాగా తగ్గాయని 2016లో ప్రచురించారు.

మా ఇంటికొచ్చిన ఆవిడ మీద ఎన్నో కుటుంబాల భారం ఉండేది. కొన్నాళ్లకు ఆవిణ్ని మార్చేశారు. కొత్తవాళ్లకు అన్నయ్య కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. దీని గురించి కూడా రాయండి.