గ్రాంటుల తాళం చెవి మంత్రిత్వ శాఖకేనా?

వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లు పార్లమెంటు సంయుక్త కమిటీకి వెళ్లినప్పటి నుంచీ చర్చంతా దాని హిందీ పేరు చుట్టూ, కోట్ల రూపాయల్లోకి వెళ్లే జరిమానాల చుట్టూ తిరుగుతోంది. ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘం), సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ, ఉపాధ్యాయ విద్యను చూసే ఎన్‌సీటీఈలను రద్దు చేసి ఒకే సంస్థను నిలబెట్టడం మంచిదా కాదా అన్న వాదనకూ కొదవ లేదు. 2025 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన ఆ ముసాయిదాలో నన్ను కలవరపెట్టింది మాత్రం అందులో కనిపించని నాలుగో మండలి. నియంత్రణకు ఒకటి, గుర్తింపు మదింపునకు ఒకటి, ప్రమాణాలకు ఒకటి చొప్పున మూడు మండళ్లను ప్రతిపాదించారు గానీ, నిధుల పంపిణీకి ఏ మండలినీ పెట్టలేదు. ఇన్నాళ్లూ యూజీసీ చేసిన ఆ పని ఇక నేరుగా విద్యా మంత్రిత్వ శాఖ చేతికి వెళుతుంది.

ఇదేదో తొందరలో దొర్లిన లోపమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఈ ప్రభుత్వమే ఆమోదించిన 2020 జాతీయ విద్యా విధానం నాలుగు స్వతంత్ర విభాగాలు ఉండాలని చెప్పింది; వాటిలో ఒకటి ఉన్నత విద్యా గ్రాంటుల మండలి. అంతకు ముందు 2018లో విడుదల చేసిన ఉన్నత విద్యా కమిషన్ ముసాయిదాలోనూ గ్రాంటుల అధికారాన్ని మంత్రిత్వ శాఖకే అప్పగించాలని చూసి, విమర్శలు వెల్లువెత్తాక పక్కన పెట్టారు. అంటే ఒకసారి జనం కాదన్నదాన్ని, తమ విధాన పత్రమే ఒప్పుకోనిదాన్ని ఇప్పుడు మళ్లీ తెస్తున్నారు.

ప్రభుత్వం తరఫున వినిపించే వాదనలో పస లేదని అనను. తనిఖీ చేసే సంస్థే డబ్బు కూడా పంచితే రెండు పనులూ చెడతాయన్నది నిజం. యూజీసీ పనితీరును భుజాన వేసుకుని సమర్థించేవారు ఆచార్యులలోనే అరుదు. గుర్తింపు వ్యవస్థ సంగతైతే, గుంటూరు ప్రాంతంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం గ్రేడు విషయంలో లంచం ఆరోపణలపై, విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ తనిఖీ బృందం సభ్యులను 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరెస్టు చేయడం మనం చూశాం. నియంత్రణను, నిధులను వేరు చేయాల్సిందే. కానీ వేరు చేసిన నిధులను మరో స్వతంత్ర సంస్థకు ఇవ్వకుండా మంత్రి పేషీకి చేర్చడానికి ఈ వాదన ఏ రకంగానూ ఆధారం కాదు.

అసలు యూజీసీ ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకోవాలి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన కమిషన్ గ్రాంటుల సంఘాన్ని సిఫారసు చేసింది. 1953లో మౌలానా ఆజాద్ ప్రారంభించిన ఆ సంఘానికి 1956లో చట్టబద్ధత వచ్చింది. బ్రిటన్‌లో 1919 నుంచి ఉన్న అదే పేరు గల సంఘం దానికి నమూనా. అక్కడ ఆ సంఘాన్ని దశాబ్దాల పాటు విద్యాశాఖ కింద కాకుండా ట్రెజరీ కింద ఉంచారు. విద్యా విధానాన్ని నడిపే మంత్రి, ఆచార్యుల జీతభత్యాలకు డబ్బిచ్చే మంత్రి ఒక్కరే అయితే విశ్వవిద్యాలయం నోరు మూతపడుతుందన్న జాగ్రత్త అది. మన దగ్గర ఆ జాగ్రత్త ఎప్పుడో సడలింది. 2013లో యూపీఏ ప్రభుత్వం తెచ్చిన రూసా అనే ఉన్నత విద్యా పథకంతో రాష్ట్ర విశ్వవిద్యాలయాల నిధులు మంత్రిత్వ శాఖ దారి పట్టాయి. 2017లో వచ్చిన హెఫా అనే రుణ సంస్థ గ్రాంటు స్థానంలో అప్పును తెచ్చిపెట్టింది. ఇప్పటి బిల్లు మిగిలిన కాస్త అడ్డునూ తొలగిస్తోంది.

డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తే ఏమిటని అడిగేవారు ఒక పరిశోధక విద్యార్థి ఫెలోషిప్ ఎలా అందుతుందో చూడాలి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ పరిశోధన ఫెలోషిప్) సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఆ డబ్బు రావాలంటే ప్రతి నెలా గైడు సంతకం చేసిన హాజరు కాగితం విభాగాధిపతి దగ్గరికి, అక్కడి నుంచి పరిపాలనా భవనానికి వెళ్లాలి. అక్కడ ఒక ఉద్యోగి పోర్టల్‌లో వివరాలు నింపితే, మరొకరు సరిచూసి ఆమోదించాలి. వీరిని క్యాంపస్ భాషలో మేకర్, చెకర్ అంటారు. చెకర్ సెలవులో ఉంటే ఆ నెల పోయినట్టే. అన్నీ సక్రమంగా జరిగినా ఢిల్లీలో బడ్జెటు విడుదల కాకపోతే నెలల తరబడి ఖాతాలో పైసా పడదు. హాస్టల్ మెస్ బకాయి, ఇంటికి పంపాల్సిన డబ్బు, అప్పు తెచ్చి కొన్న రసాయనాలు ఇవన్నీ ఆ విద్యార్థి నెత్తినే ఉంటాయి. అలాంటివాడు సెమినార్‌లో ప్రభుత్వ విధానాన్ని ప్రశ్నిస్తాడని, కరపత్రం మీద పేరు పెట్టుకుంటాడని ఎలా అనుకుంటాం? ఎవరూ బెదిరించనక్కర్లేదు, ఆలస్యమే ఆ పని చేసిపెడుతుంది. ఇదే భయం రేపు ఉపకులపతుల స్థాయిలో మొదలవుతుంది.

పరిశోధనల సంగతి ఇంకా విచిత్రం. 2020-21 లెక్కల ప్రకారం దేశం పరిశోధన, అభివృద్ధి మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులో ఉన్నత విద్యాసంస్థల వాటా 8.8 శాతమే. ఈ పరిస్థితిని మారుస్తుందని చెప్పి 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ చట్టం తెచ్చారు. అయిదేళ్లలో 50,000 కోట్లన్నారు, కానీ అందులో 36,000 కోట్ల దాకా పరిశ్రమలు, దాతలు తదితర ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. పరిశోధన మీద పెద్దగా ఖర్చు పెట్టే అలవాటే లేని మన కంపెనీలు విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు వేల కోట్లు ధారపోస్తాయన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆ ఫౌండేషన్ పాలక మండలికి ప్రధానమంత్రి అధ్యక్షుడు, ఇద్దరు కేంద్ర మంత్రులు ఉపాధ్యక్షులు. లక్ష కోట్ల పరిశోధన నిధి అంటూ 2025లో ప్రకటించిన పథకమూ ప్రైవేటు రంగానికి చౌక వడ్డీ రుణాలిచ్చేదే గానీ, వరంగల్‌లోనో తిరుపతిలోనో మొక్కల జన్యువుల మీద పనిచేసే అధ్యాపకురాలికి ఒక సెంట్రిఫ్యూజ్ కొనిపెట్టేది కాదు.

ఆమెకు ప్రాజెక్టు మంజూరైందనే అనుకుందాం. కోరిన కంపెనీ ఎంజైము కాకుండా తక్కువ ధర కోట్ చేసిన ఎల్-1 సరుకు తీసుకోవాల్సి వస్తుంది. అది పనిచేయక ప్రయోగం పాడైతే ఏ ఆడిటరూ అడగడు. దాని తర్వాతి ధర కోట్ చేసిన ఎల్-2 సరుకు కొంటే మాత్రం సంజాయిషీ రాయాలి. రెండో విడత డబ్బు ఫిబ్రవరిలో వస్తుంది, మార్చి 31లోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది, నిధుల వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపకపోతే మూడో విడత రాదు. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2025 జూన్‌లో కేంద్రం కొనుగోలు నిబంధనలను కొంత సడలించింది, కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. మంచిదే. అయినా వేసే ప్రశ్న మాత్రం మారలేదు: పైసా ఎలా ఖర్చయిందన్నది అడుగుతారు, ఏం కనుక్కున్నారన్నది అడగరు. నిధులిచ్చే చోట తోటి శాస్త్రవేత్తలు కాకుండా అధికారులు కూర్చుంటే పర్యవేక్షణ ఇంతకు మించి ఎదగదు.

ఇక్కడ తెలుగు రాష్ట్రాల సంగతి దాటేస్తే అన్యాయమవుతుంది. ఉపకులపతుల ఎంపికలో రాష్ట్ర ప్రభుత్వాలకు పాత్ర లేకుండా చేసే యూజీసీ ముసాయిదా నిబంధనలు 2025 జనవరిలో వచ్చినప్పుడు దక్షిణాది నుంచి గట్టి అభ్యంతరాలు వినిపించాయి, తెలంగాణ ముఖ్యమంత్రి కూడా వాటిని రాష్ట్రాల హక్కుల మీద దాడిగా చూశారు. ఆ అభ్యంతరం సబబే. విద్య 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లినప్పటి నుంచీ రాష్ట్రాలు ఒక్కో మెట్టూ దిగుతూనే ఉన్నాయి. కానీ అదే తెలంగాణలో 2024 మే నెలలో ఉపకులపతుల పదవీకాలం ముగిస్తే, కొత్తవారు వచ్చే అక్టోబరు దాకా విశ్వవిద్యాలయాలను ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జులుగా నడిపారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ప్రభుత్వం మారగానే ఉపకులపతులు వరుసగా రాజీనామాలు చేశారు. ప్రభుత్వంతో వచ్చి ప్రభుత్వంతో పోయే పదవి అది అని అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో బ్రిటిష్ ప్రభుత్వ దమన నీతికి నిరసనగా రాజీనామా చేశారు. ఇప్పటి రాజీనామాలకూ, ఆ రాజీనామాకూ పోలికే లేదు.

అందుకే కమిటీ ముందుకు వెళ్లే మన ఎంపీలు, అధ్యాపక సంఘాలు ఒక్క సవరణ కోసం పట్టుబట్టాలి. నాలుగో మండలిని చట్టంలో చేర్చాలి. అందులో రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఆచార్యులకు సగం స్థానాలివ్వాలి. అయిదేళ్ల గ్రాంటును ముందే ప్రకటించి, విడుదల తేదీలను చట్టంలోనే రాయాలి. ఈ మాట ఢిల్లీని అడిగే ముందు హైదరాబాద్, అమరావతి కూడా ఒక పని చేయాలి. ప్రవేశ పరీక్షల నిర్వహణతోనే ఎక్కువగా వార్తల్లో కనిపించే తమ ఉన్నత విద్యామండళ్లకు విశ్వవిద్యాలయాల నిధుల పంపిణీని అప్పగించి, ఆర్థిక శాఖ దగ్గర జీతాల ఫైలు ఆగే పద్ధతికి స్వస్తి చెప్పాలి. కేంద్రం బిల్లు తేలే దాకా అందుకు ఆగనవసరం లేదు, రాబోయే బడ్జెటు సమావేశాలు చాలు.