ట్రైనరే కదా అని తీసిపారేయొద్దు

పైలట్లకు ఎగరడం నేర్పే ట్రైనర్ విమానాలు పాఠాలకే, పోరాటానికి పనికిరావని మీ వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. మేముండేది బెంగళూరులో, విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌కి దగ్గర్లో. 2016లో వాళ్ల ట్రైనర్ హెచ్‌టీటీ-40 మొదటిసారి ఎగిరింది ఇక్కడే, అందుకే ఆ మాట మనసుకి పట్టింది.

ఒమన్ సంగతి చూడండి. బ్రిటన్ వాళ్ల జెట్ ప్రొవోస్ట్ ట్రైనర్‌కే ఇంజిన్ బలం పెంచి, రెక్కల కింద రాకెట్లు, బాంబులు తగిలించి స్ట్రైక్‌మాస్టర్ అనే దాడి విమానం తయారుచేశారు. 1972 జూలై 19న ఒమన్‌లోని మిర్బాత్ పట్టణం మీద తిరుగుబాటుదారులు విరుచుకుపడ్డారు. అక్కడ అది వానమబ్బుల కాలం, మేఘం బాగా కిందికి దిగి ఉంది. అయినా సలాలా వైమానిక స్థావరం నుంచి వచ్చిన స్ట్రైక్‌మాస్టర్లు ఆ మబ్బు కిందనుంచే దూసుకొచ్చి కాల్పులు జరిపాయి. మిర్బాత్‌లో ఉన్న గుప్పెడు మంది సైనికులు నిలబడగలిగారంటే అందులో వాటి పాత్ర చాలా ఉంది.

అల్జీరియా యుద్ధంలో ఫ్రాన్స్ టీ-6 ట్రైనర్లను వాడింది. 1994లో మెక్సికో తన చియాపాస్ రాష్ట్రంలో తిరుగుబాటుదారుల మీదికి పీసీ-7 ట్రైనర్లను దింపింది. దాని తర్వాతి రకమే మన దుండిగల్ వైమానిక దళ అకాడమీలో కుర్ర పైలట్లకు ఎగరడం నేర్పేది!

అవతలివాళ్ల దగ్గర భుజం మీంచి పేల్చే క్షిపణులుంటే మాత్రం ఈ నెమ్మది విమానాలకు పెద్ద ముప్పే. వ్యాసంలో ఆ తేడా చెప్పి ఉంటే బాగుండేది, దయచేసి చేర్చండి.