"అది వేరే" అంటారు మా బావగారు

ఇప్పుడే మారతహళ్లిలో అక్కావాళ్లింటి నుంచి వచ్చా. తిన్న గోంగూర మాంసం ఒంటబట్టలేదు. అక్క వడ్డిస్తుంటే బావగారు ఫోన్లో ఏదో రీల్ చూసి తీర్పు చెప్పేశారు: "బోయింగంటే పైలట్ నడిపే విమానం. ఎయిర్‌బస్ వీడియో గేమ్. సంక్రాంతికి ఆ జాయ్‌స్టిక్ విమానం నేనెక్కను."

విమానం భాగాలు డిజైన్ చేసుకుని బతుకుతున్న మనిషిని, ఎదురుగా కూర్చుని ఎముక పీలుస్తున్నా. ఒక్క మాట నన్నడగొచ్చుగా? ఎందుకడుగుతారు, రీల్ ఉండగా!

కాళ్ల మధ్య నుంచి లేచిన ఆ యోక్, అదే స్టీరింగ్ లాంటి పిడి, చూస్తే ఆయనకి ధైర్యం. బోయింగ్ 737లో యోక్ వెనక ఉన్నవి కేబుళ్లే, ఒప్పుకుంటా. మరి 1995 నుంచి తిరుగుతున్న బోయింగ్ 777? అందులో యోక్ వెనకా కంప్యూటరే. పైలట్ చేతికి తగిలే బరువు కూడా కావాలని పుట్టించిందే. ఎయిర్‌బస్ ఏ320లో యోక్ బదులు సైడ్‌స్టిక్ (ఆయనగారి జాయ్‌స్టిక్) పక్కకి పోయింది కాబట్టి ముందు బల్ల వచ్చింది, పైలట్ శుభ్రంగా భోంచేస్తాడు. ఈయన మాత్రం సోఫాలో ఒళ్లో కంచం పెట్టుకుని చారు ఒలకబోస్తారు, అది అక్క తుడవాలి.

ఎయిర్‌బస్ మీద నాకూ మంటుంది. ఒకరు స్టిక్ లాగుతుంటే రెండోవాళ్ల స్టిక్ కదలదు. 2009లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 అనే ఎయిర్‌బస్‌లో కుడి సీటు పైలట్ వెనక్కి లాగిపట్టుకునే ఉన్నాడు, పక్కవాళ్లకి తెలిసేసరికి అయిపోయింది. 228 మంది. ఇలాంటిది చెప్తే వింటా. ఈయన ఎత్తింది మన బెంగళూరు పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు దగ్గర ఏ320 కూలిన ప్రమాదం, "జాయ్‌స్టిక్ వల్లే" అట! 1990 ఫిబ్రవరి 14న 92 మంది పోయారండీ అక్కడ. ఇంజన్లు ఐడిల్‌లో, అంటే కనీస శక్తిలో, ఉండిపోయి వేగం పడిపోయింది, చూసుకునేసరికి నేల. స్టిక్ ఏం చేసింది పాపం?

"మరి మీ బోయింగ్ 737 మాక్స్‌లు రెండు కూలి 346 మంది పోయారుగా, యోక్ పట్టుకునే ఉన్నారుగా పైలట్లు?" అన్నా.

"అది వేరే."

ఈ "అది వేరే" నాకు పాతదే. నాకు ఏరోనాటికల్ సీటొచ్చిన రోజు నాన్న పక్కన కూర్చుని, "ఆడపిల్లకి విమానాలెందుకు మావయ్యగారూ, సీఎస్‌ఈలో వెయ్యండి" అన్నది ఈయనే. మీ తమ్ముడు మెకానికల్ చదవట్లేదా అంటే అప్పుడూ అదే మాట. నాన్నతో ఏడాది సరిగ్గా మాటల్లేవు నాకు. సీటు పోయినంత పనైంది. ఈయన మాత్రం ఆ మధ్యాహ్నం రెండోసారి పెరుగన్నం కలుపుకున్నారు, ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

సంక్రాంతి టికెట్లు చేసేశా. ఏ320. 737 కన్నా క్యాబిన్ ఓ 16 సెంటీమీటర్లు వెడల్పు, ఆయన ఒంటికి సుఖం. కిటికీ అక్కకి, నడవ నాకు, మధ్య సీటు బావగారికి.